బల్ల ఆదివారానికి ముందు నాలుగు వారాలు: మనల్ని మనం ఎలా పరీక్షించుకోవాలి

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, అంటే యేసు మరణాన్ని గుర్తు చేసుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. మీ దగ్గర కూడా దాదాపు అంతే అయి ఉంటుంది. పాస్టరు గారు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయం తీసి, "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అన్న 28వ వచనం చదువుతారు. తర్వాత రెండు నిమిషాలు మౌనం. కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంటాం. దాదాపు ఇరవై ఏళ్ళు ఆ రెండు నిమిషాల్లో నేను చేసిన ప్రార్థన ఒక్కటే: "ప్రభువా, నేను ఘోర పాపిని, తెలిసీ తెలియక చేసిన తప్పులన్నీ క్షమించు." ఆ తప్పులన్నిట్లో ఏమేం ఉన్నాయో ఒక్కసారి కూడా విప్పి చూడలేదు.

నేను పాపిని అని ఒప్పుకోవడం తేలికే, అందరూ పాపులే కాబట్టి ఆ మాట వెనక ఎంతకాలమైనా దాక్కోవచ్చు. నిన్న సాయంత్రం ఆరున్నరకి వంటింట్లో మా అత్తగారితో ఫలానా మాట అన్నాను అని చెప్పడం మాత్రం కష్టం, ఎందుకంటే అక్కడ దాక్కోవడానికి చోటు లేదు. పరీక్షించుకోవడం అంటే బాగా ఏడవడం అనుకునేదాన్ని. ఇప్పుడైతే, జరిగింది జరిగినట్టు దేవుని ముందు చెప్పడం అంటాను, మనిషి పేరుతో, గంటతో, అన్న మాటతో సహా.

ఒక బల్ల నుంచి ఇంకో బల్ల దాకా మామూలుగా నాలుగు వారాలు వస్తాయి. ఆ నాలుగు వారాలు ఏం చేయాలో నేను చేసినట్టుగా చెబుతాను. ఒక నోట్‌బుక్, ఒక పెన్ను, రాత్రి పది నిమిషాలు చాలు.

ముందు అడగండి, తర్వాత వెతకండి

నోట్‌బుక్ తెరవకముందే 139వ కీర్తన చివరి రెండు వచనాలు గొంతెత్తి చదవండి. "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అని మొదలయ్యేవి. ఈ కీర్తనలో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. మొదటి వచనంలోనే దావీదు, నువ్వు నన్ను ఇదివరకే పరిశోధించి తెలుసుకున్నావు అంటాడు, మళ్ళీ చివర్లో నన్ను పరిశోధించు అని అడుగుతాడు. దేవుడికి కొత్తగా తెలియాల్సింది ఏమీ లేదు, తెలియాల్సింది దావీదుకే. హృదయం అన్నిటికంటే మోసకరమైనది, దాన్ని ఎవరు గ్రహించగలరు అని యిర్మీయా 17:9 అడిగితే, ఆ వెంటనే పదో వచనంలో "యెహోవా అను నేను హృదయమును పరిశోధించువాడను" అని జవాబుంది. కాబట్టి మనకై మనమే టార్చి పట్టుకుని లోపలికి దిగితే రెండే జరుగుతాయి, ఏమీ కనపడలేదని బయటికి వచ్చేస్తాం, లేదా మనల్ని మనమే కొట్టుకుంటూ అక్కడే కూర్చుండిపోతాం.

వెతికేది ఎవరో కూడా గుర్తుంచుకోండి. అదే కీర్తన 13వ వచనంలో నా తల్లి గర్భంలో నన్ను నిర్మించినవాడివి నువ్వే అని ఉంది. వైద్యం తెలిసిన అమ్మ చేతికి గాయం చూపించినట్టు చూపించండి. చదివాక ఒక నిమిషం ఊరికే కూర్చోండి, ఏమీ తోచకపోయినా పర్వాలేదు.

మొదటి వారం: రాయండి, "ఎందుకంటే" లేకుండా

ముందు ఆ రోజు దేవుడు చేసిన మేలు రెండు రాయండి. పెద్దవే అక్కర్లేదు, బస్సులో సీటు దొరకడం కూడా రాయొచ్చు. కృతజ్ఞత లేకుండా మొదలుపెడితే ఈ పని మొత్తం పోలీసు విచారణలా మారిపోతుంది, నేను మొదటిసారి అలాగే చేసి నాలుగో రోజుకే మానేశాను.

తర్వాత ఆ రోజంతా మళ్ళీ నడవండి. గంటల వారీగా గుర్తు రాదు, చోట్ల వారీగా గుర్తొస్తుంది. మంచం దగ్గర, వంటింట్లో, గుమ్మం దగ్గర, బండి మీద, ఆఫీసులో, ఫోనులో. ఒక్కో చోట ఆగి, ఇక్కడ ఎవరితో ఏం మాట్లాడాను అని చూసుకోండి. ఫోను ఒక చోటని మర్చిపోకండి. సంఘం వాట్సాప్ గ్రూపులో వచనాలు పంపుతూనే ఇంకో చాటింగ్‌లో ఒకళ్ళ మీద ఏం రాశామో కూడా ఆ రోజులో భాగమే.

రాసేటప్పుడు "ఈరోజు కోపపడ్డాను" అని రాయకండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో, ఏ మాట, ఈ నాలుగూ ఉండాలి. ఆ పేజీలో "ఎందుకంటే" అన్న పదం రాకూడదు. అది వచ్చిందంటే అక్కణ్ణుంచి మనం లాయరు పని మొదలుపెట్టినట్టే. అలాగే ఏ వాక్యమైనా "ఆయన", "ఆవిడ", "వాళ్ళు" అని మొదలైతే కొట్టేయండి. ఈ నోట్‌బుక్‌లో "నేను" తప్ప ఇంకో కర్త ఉండకూడదు.

నా నోట్‌బుక్ నుంచి ఒకటి చెబుతాను. ఒక ఆదివారం ఉదయం, తొమ్మిదీ ఇరవై. ఆరాధన తొమ్మిదిన్నరకి. మా చిన్నోడి బూటు ఒకటి కనపడలేదు, వాడికప్పుడు తొమ్మిదేళ్ళు. మంచం కింద, స్టాండు వెనక, బాల్కనీలో వెతికి వెతికి చివరికి వాడే తెచ్చుకున్నాడు. వాడు గుమ్మం మీద కూర్చుని లేసు కట్టుకుంటుంటే నేను పైనుంచి, "నీ వల్ల ఈ ఇంట్లో ఏ రోజూ ఏ పనీ సవ్యంగా జరగదు" అన్నాను. వాడు తలెత్తలేదు. లేసు ముడి వేస్తున్న వేళ్ళు ఆగిపోయాయి, బూటు ముందు భాగం మీద ఒక చుక్క పడింది, దాన్ని బొటనవేలితో తుడిచేసి మళ్ళీ ముడి వేసుకున్నాడు. పదిహేను నిమిషాల తర్వాత గుడి గేటు దగ్గర నేను నవ్వుతూ "ప్రైజ్ ద లార్డ్ అక్కా, బాగున్నారా" అంటున్నాను. వాడు నా పక్కనే నిలబడి నా మొహం చూస్తున్నాడు.

ఆ రాత్రి రాసింది ఇంతే: "ఆదివారం 9:20, గుమ్మం, చిన్నోడు, నీ వల్ల ఈ ఇంట్లో ఏ రోజూ ఏ పనీ సవ్యంగా జరగదు." నోటితో అన్నప్పుడు అది హడావిడిలో వచ్చిన మాట. కాగితం మీద చూస్తే ఒక పిల్లాడి మీద ఇచ్చిన తీర్పు. యాకోబు 1:23, 24లో అద్దంలో ముఖం చూసుకుని అవతలికి పోగానే మర్చిపోయే మనిషి గురించి ఉంది కదా, రాసుకోవడం అంటే ఆ అద్దం ముందు ఇంకాసేపు నిలబడటం.

నోట్‌బుక్ ఎవరికీ దొరకని చోట పెట్టండి. పేర్లకు బదులు ఒక్కో అక్షరం రాసినా చాలు.

రెండో వారం: ఏడు పేజీలూ కలిపి చదవండి

విడివిడిగా చూస్తే ప్రతి రోజూ ఒక్కో కథ. కలిపి చదివితే ఒకే గంట, ఒకే మనిషి, ఒకే విషయం మళ్ళీ మళ్ళీ కనపడతాయి. వాటి కింద గీత గీయండి. నావి ఏడు రోజుల్లో నాలుగు రోజులు సాయంత్రం ఆరు, ఏడు మధ్య ఉన్నాయి. ఇంకోటి కూడా కనపడింది, అది చూసి చాలాసేపు కదలలేకపోయాను. ఆ పేజీల్లో నేను గొంతు పెంచిన వాళ్ళంతా నాకంటే చిన్నవాళ్ళో, నాకు ఎదురు చెప్పలేనివాళ్ళో. పిల్లలు, పనమ్మాయి, వినికిడి తగ్గిన మా అత్తగారు. అదే వారం ఆఫీసులో మా పై అధికారి నన్ను అన్యాయంగా నాలుగు మాటలన్నారు, నేను "సరే సార్" అన్నాను. అంటే నాకు కోపం ఆగదని ఇన్నేళ్ళూ నేను ఇచ్చిన సాక్ష్యం అబద్ధం. భయం ఉన్న చోట చక్కగా ఆగుతోంది. పొద్దున్నే లేచి "ప్రభువా, నా ముక్కోపం తీసేయ్" అని చేసిన ప్రార్థన కూడా అసలు విషయాన్ని తాకలేదు. నేను అడగాల్సింది, బలం లేనివాళ్ళని నేను తక్కువగా చూస్తున్నాను, ఆ చూపు తీసేయ్ అని.

మీకు ఇంకోలా కనపడవచ్చు. కొందరికి అబద్ధం ఎప్పుడూ డబ్బు దగ్గరే వస్తుంది, కొందరికి చాడీ ఒక్క మనిషితో ఫోనులో ఉన్నప్పుడే వస్తుంది, కొందరి పేజీల్లో అసలు మాటలే ఉండవు, నాలుగు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్న మౌనం ఉంటుంది. గీత గీసిన ప్రతి దాని పక్కన, ఆ నిమిషంలో నాకు ఏం కావాలి అని ఒక్క ప్రశ్న వేసుకోండి. మన మధ్య పోరాటాలు మనలో పోరాడే కోరికల వల్లే పుడతాయని యాకోబు 4:1 అంటుంది. ఆ ఆదివారం నాకు కావాల్సింది బూటు కాదు. ఆలస్యంగా లోపలికి వెళ్తే ముందు వరసలో వాళ్ళు తిరిగి చూస్తారు, ఆ చూపు నాకు వద్దు, నా పేరు చెడకూడదు. నా పేరు కోసం వాడి మనసు పోయింది.

ఒళ్ళు సంగతి కూడా చూడండి, ఇది ఆత్మీయం కాదని తోసేయకండి. మొదటి రాజులు 19లో ఏలీయా ప్రవక్త చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకుంటే దూత వచ్చి ముందు ప్రసంగం చేయలేదు, లేచి తినమన్నాడు. తిని, తాగి, మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. ఆ తర్వాతే హోరేబు కొండ, ఆ తర్వాతే "ఏలీయా, ఇక్కడ నీకేం పని" అన్న దేవుడి ప్రశ్న. నా సాయంత్రాల్లో రెండు రోజులు మధ్యాహ్నం సరిగ్గా తినలేదు. ఐదున్నరకి ఒక అరటిపండో రెండు ఇడ్లీలో తినడం మొదలుపెట్టాక ఆ గంట కొంత తేలికైంది. షుగరు, థైరాయిడ్, నిద్రలేమి ఉంటే డాక్టరుకు చూపించుకోండి. అది పాపానికి సాకు కాదు, అలాగని మందుతో తగ్గేదాన్ని ఉపవాసంతో తగ్గించాలని చూడటమూ సరికాదు.

ఒక్కటే పట్టుకోండి

గలతీయులకు రాసిన పత్రిక 5:22, 23లో ఆత్మఫలం తొమ్మిది లక్షణాలతో ఉంది. తొమ్మిదీ ఈ నెలలోనే అనుకుంటే ఒక్కటీ రాదు. మీరు గీత గీసిన లోపాల్లో ఒకటి ఎంచుకోండి. మీకు సిగ్గుగా అనిపించేదాని కంటే ఎదుటివాళ్ళకి ఎక్కువ దెబ్బ తగిలేదాన్ని ఎంచుకోమని నా సలహా, ఎందుకంటే సిగ్గు మన గురించే ఆలోచిస్తుంది. ఎంచుకున్నదాన్ని లెక్కపెట్టగలిగే పనిగా రాయండి. "సహనం లేదు" అంటే లెక్క కుదరదు. "గొంతు పెంచాను", "ఫోను చూస్తూ జవాబిచ్చాను", "లేని పని ఉందని చెప్పాను" అంటే కుదురుతుంది.

లెక్కపెట్టే పద్ధతి నేను కనిపెట్టింది కాదు. ఇగ్నేషియస్ లొయోలా అని స్పెయిన్ సైనికుడు, 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, మంచంలో ఉండగా మనసు మారినవాడు. 1548లో అచ్చయిన ఆయన ఆత్మీయ సాధనల పుస్తకంలో ఈ పద్ధతి ఉంది. ఒకే ఒక్క లోపం తీసుకోవాలి. పొద్దున లేవగానే ఈ ఒక్కదాంట్లో జాగ్రత్తగా ఉంటానని అనుకోవాలి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి ఎన్నిసార్లు పడ్డామో చూసుకుని గీత మీద అన్ని చుక్కలు పెట్టాలి. పడిన ప్రతిసారీ చెయ్యి గుండె మీద పెట్టుకోవాలి, నలుగురిలో ఉన్నా అది ఎవరి కంటా పడదు అంటాడు ఆయన. పమిట సర్దుకున్నట్టే ఉంటుంది, నిజంగానే ఎవరికీ తెలియదు.

కేథలిక్ పద్ధతి మనకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు, మా ప్రార్థన కూడికలో ఒక అక్క అదే అడిగింది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ కూడా 1738 డిసెంబరులో చిన్న గుంపులకు నియమాలు రాసి, వారానికోసారి కలిసినప్పుడు కిందటిసారి కలిసిన తర్వాత తెలిసి చేసిన పాపాలేమిటి అని ఒకళ్ళనొకళ్ళు అడగాలని పెట్టాడు. తన తప్పు తాను లెక్కపెట్టుకోవడానికి ఏ సంఘమైనా ఒకటే.

నేను చుక్కలు పెట్టింది వంటింట్లో పాల లెక్క రాసే క్యాలెండరు మీద. తేదీ గడిలో పైన మూల. అక్కడైతే రోజుకు పదిసార్లు కళ్ళబడుతుంది, ఎవరైనా అడిగినా పాల లెక్క అనుకుంటారు. మొదటి రోజు తొమ్మిది చుక్కలు పడ్డాయి. మీకు పన్నెండు పడితే హడలిపోకండి, తప్పులు పెరగలేదు, ఇన్నాళ్ళూ ఉన్నవి ఇప్పుడు కనపడుతున్నాయి.

చుక్కలతో ఆగితే మాత్రం లెక్కలే మిగులుతాయి. ఎఫెసీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం చూడండి, పౌలు ఏదీ ఊరికే మానమనడు. అబద్ధం మానేసి సత్యం మాట్లాడమంటాడు. దొంగతనం మానేసి చేతులతో కష్టపడి, అక్కరలో ఉన్నవాడికి ఇమ్మంటాడు. ఖాళీ అయిన చోట వెంటనే ఇంకోటి పెడతాడు. మీరు ఎంచుకున్న లోపానికి ఎదురుగా, చేత్తో చేయగలిగే చిన్న పని ఒకటి పెట్టుకోండి. నేను గొంతు పెంచేది ఎక్కువగా వంటింట్లోంచి హాల్లోకి. కాబట్టి ఇలా పెట్టుకున్నాను: పిల్లలతో ఏం చెప్పాలన్నా స్టవ్ కట్టేసి, వాళ్ళ దగ్గరికి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేశాకే నోరు తెరవాలి. భుజం మీద చెయ్యి ఉంటే గట్టిగా అరవడం కుదరదు, మీరూ చేసి చూడండి. "మృదువైన మాట క్రోధమును చల్లార్చును" అన్న సామెతలు 15:1 చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టినదే, అది నా నోటికి రావడానికి ముందు నా కాళ్ళు వంటింట్లోంచి హాలు దాకా నడవాల్సి వచ్చింది.

మూడో వారం: ఇంట్లోవాళ్ళని అడగండి

అన్నిట్లోకి కష్టమైన వారం ఇదే. దావీదుని చూడండి. ఎన్నో కీర్తనలు రాసిన మనిషి, ఊరియా భార్య బత్షెబ విషయంలో, ఊరియాని చంపించిన విషయంలో నెలల తరబడి తన్ను తాను చూసుకోలేదు, నాతాను ప్రవక్త వచ్చేసరికి బిడ్డ కూడా పుట్టేశాడు. పేదవాడి గొర్రెపిల్ల కథ వింటే మాత్రం అవతలివాడి మీద మండిపడ్డాడు. "ఆ మనుష్యుడవు నీవే" అని ఇంకొకరు చెప్పాల్సి వచ్చింది. దావీదుకే నాతాను కావాల్సి వస్తే మనకు నోట్‌బుక్ ఒక్కటే సరిపోతుందా?

అడిగే తీరు ముఖ్యం. "నాలో ఏమైనా తప్పుందా" అంటే "ఏం లేదులే, ఇప్పుడెందుకు ఇవన్నీ" అంటారు. ఒక్కరినే, విడిగా, నడుస్తున్నప్పుడో బట్టలు మడత పెడుతున్నప్పుడో, ఇలా అడగండి: "ఈ వారంలో నేనన్న మాటల్లో నిన్ను బాధపెట్టింది ఏది?" చెబుతుంటే అడ్డు రాకండి, సంజాయిషీ ఇవ్వకండి, వచనం ఎత్తకండి. "ఇంకా?" అని మాత్రం అనండి. చివర్లో చెప్పినందుకు థాంక్స్ అనేసి, ఆ రాత్రికి ఆ విషయం వదిలేయండి. జవాబు విని మీరు రెండు రోజులు ముఖం మాడ్చుకుంటే ఆ మనిషి మళ్ళీ జన్మలో చెప్పరు.

మా పెద్దమ్మాయిని అడిగాను, పదో తరగతిలో ఉంది అప్పుడు. టవల్ మడత పెడుతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "అమ్మా, రాత్రి ప్రార్థనలో నువ్వు దేవుడితో మాట్లాడవు, మాతో మాట్లాడతావు."

నాకు వెంటనే అర్థం కాలేదు. తను చెప్పింది ఇది: కుటుంబ ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకున్నాక నేను "ప్రభువా, నా బిడ్డకి ఫోను మీదున్న ధ్యాస చదువు మీద పుట్టించు తండ్రీ, పెద్దలకి ఎదురు చెప్పే స్వభావం తీసివేయి దేవా" అంటాను. పగలు తిట్టి ఉంటే తను ఏదో ఒకటి చెప్పుకునేది. ప్రార్థనలో తిడితే ఎదురు చెప్పడానికి లేదు, పైగా చివర్లో ఆమెన్ అనాలి. ఏళ్ళ తరబడి రోజూ నా బిడ్డ చేత తన మీద వేసిన నిందలకు ఆమెన్ అనిపించాను. రెండు వారాల నోట్‌బుక్‌లో ఇది ఒక్క రోజు కూడా లేదు, ప్రార్థన చేసిన చోట తప్పు వెతకాలని నాకు తోచనే లేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో కుటుంబ ప్రార్థనలో పిల్లల పేర్లతో కృతజ్ఞత, ఆశీర్వాదం మాత్రమే చెబుతాను. వాళ్ళ గురించి నా భయాలు ఒక్కదాన్నే ఉన్నప్పుడు దేవుడికి చెప్పుకుంటాను. మొదలుపెట్టే ముందు "నీ కోసం ఏం ప్రార్థన చేయమంటావు" అని అడుగుతాను. మొదట్లో "ఏం లేదు" అనేది. ఇప్పుడు చెబుతోంది.

మీరూ ఆత్మీయంగా కనపడే చోట్లే ముందు వెతకండి. స్త్రీల కూడికలో "ఫలానా వాళ్ళ గురించి భారంగా ఉందమ్మా, వాళ్ళింట్లో ఏం జరుగుతోందో మీకు తెలుసు కదా" అని ప్రార్థన అంశం చెబుతాం. ఆవిడే ఆ చాప మీద మన పక్కన కూర్చుని ఉంటే ఆ మాట అలాగే చెబుతామా? సాక్ష్యంలో దేవుడి కంటే మన కష్టం ఎక్కువసేపు వినపడుతోందా? పక్కవాళ్ళ కంటిలో నలుసు గురించి ప్రార్థన చేస్తున్నప్పుడు కూడా మన కంటిలో దూలం అలాగే ఉంటుంది.

ఇంటి బయట ఒక్క మనిషిని కూడా చూసుకోండి, ఆడవాళ్ళకి ఆడవాళ్ళు, మగవాళ్ళకి మగవాళ్ళు. వయసు కంటే ముందు చూడాల్సింది, ఇంకొకళ్ళ విషయం మీ దగ్గర ఎప్పుడైనా చెప్పారా అని. చెప్పి ఉంటే మీ విషయమూ చెబుతారు, వేరేవాళ్ళని చూసుకోండి.

నాలుగో వారం: వెళ్ళి ఒప్పుకోండి

బలిపీఠం దగ్గర అర్పణ అక్కడే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమని మత్తయి 5:23, 24 చెబుతుంది. అందుకే ఈ పని బల్లకి ముందే అయిపోవాలి.

"నేనేమైనా నొప్పించి ఉంటే క్షమించు" అనడం క్షమాపణ అనిపించుకోదు. ఆ "ఉంటే" తీసేయండి. ఏం చేశానో చెప్పండి, అది తప్పని చెప్పండి, ఇక మీదట ఏం చేస్తానో చెప్పండి, అక్కడితో ఆగండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానని లెక్క చెప్పాడు. తోడికోడలి దగ్గర తీసుకున్న బంగారం, చీటీ డబ్బు, పనమ్మాయికి కోసేసిన రెండు రోజుల జీతం, ఇలాంటివి ఉంటే మాటతో పాటు డబ్బూ వెళ్ళాలి. మొత్తం లేకపోతే మొదటి వాయిదా చేత్తో పట్టుకుని వెళ్ళండి.

పిల్లలకి క్షమాపణ చెప్పడం మన ఇళ్ళల్లో అలవాటు లేదు. మూడు వారాల తర్వాత నేను మా చిన్నోడి దగ్గర కూర్చుని, "ఆ రోజు గుడికి వెళ్ళేటప్పుడు నీతో ఒక మాటన్నాను నాన్నా" అని మొదలుపెట్టాను. ఏ రోజో వాడికి గుర్తుండదనుకున్నాను. వాడు ఆడుతున్న బొమ్మ కారు ఆపకుండానే, "బూటు రోజా?" అన్నాడు. ఆ రోజుకి వాడొక పేరు పెట్టుకున్నాడు. అవును అన్నాను, ఆ మాట తప్పు, నీ వల్ల ఏదీ చెడిపోలేదు, నేను అబద్ధం చెప్పాను అన్నాను. "సరే అమ్మా" అని కారు నా మోకాలి మీద నుంచి తోలుకుంటూ వెళ్ళాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని కొడుతుంటే, బెదిరిస్తుంటే, నాలో ఏ లోపం వల్ల కొడుతున్నాడు అని ఈ నోట్‌బుక్‌లో వెతుక్కోకండి. అది మీ పాపం కాదు. ఓర్చుకో, ప్రార్థన చేసుకో అని ఎవరు చెప్పినా సరే, ముందు సురక్షితమైన చోటుకి వెళ్ళండి, నమ్మకమైన వాళ్ళకి చెప్పండి. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112. చెయ్యి చేసుకునే మనిషే ఇది చదువుతుంటే, మీకు క్యాలెండరు మీద చుక్కలు సరిపోవు, ఈరోజే బయటి మనిషికి చెప్పి సహాయం తీసుకోండి.

చుక్కలు తగ్గని రోజు

యేసును అప్పగించిన యూదా, ఆయన్ని ఎరగనన్న పేతురు, ఇద్దరు శిష్యులూ ఒకే రాత్రి పడ్డారు. మత్తయి 27లో యూదా ఒప్పుకోలు చదవండి, చాలా కచ్చితంగా ఉంటుంది. నిరపరాధి రక్తాన్ని అప్పగించి పాపం చేశాను అన్నాడు, ముప్పై వెండి నాణేలూ తిరిగి ఇచ్చేశాడు. నేను పైన చెప్పినవన్నీ చేసినట్టే. కానీ వాటిని పట్టుకుని ప్రధానయాజకుల దగ్గరికి వెళ్ళాడు, వాళ్ళు దానితో మాకేమి అన్నారు. పేతురు ఏడ్చాడు, ఏడ్చి మిగతా శిష్యుల దగ్గరే ఉన్నాడు, ప్రభువు మళ్ళీ కనపడితే పడవ ఆగేదాకా ఆగకుండా నీళ్ళలోకి దూకాడు. ఒడ్డున బొగ్గుల నిప్పులున్నాయి. తను మూడుసార్లు ఎరగనన్నది కూడా బొగ్గుల మంట దగ్గరే. అక్కడే యేసు మూడుసార్లు, నన్ను ప్రేమిస్తున్నావా అని అడిగాడు. మన తప్పుని ఎంత బాగా చెప్పామన్నది ఒక ఎత్తు, దాన్ని ఎవరి దగ్గరికి పట్టుకెళ్తున్నామన్నది ఇంకో ఎత్తు.

కాబట్టి పడిన రోజు చుక్క పెట్టండి, "ప్రభువా, మళ్ళీ అన్నాను" అని ఒక్క మాట చెప్పండి, లేచి పని చూసుకోండి. రెండు పూటలు అన్నం మానేసి సరిచేయాలని చూడకండి. మార్టిన్ లూథర్ సన్యాసిగా ఉన్న రోజుల్లో గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు, బయటికి రాగానే ఇంకోటి గుర్తొచ్చి మళ్ళీ వెళ్ళేవాడు. మీ మనసు తీరు అలాంటిదైతే, నోట్‌బుక్ తెరిస్తే నిద్ర పట్టకపోతే, మూసేయండి. క్రీస్తులో ఉన్నవాళ్ళకి ఏ శిక్షా లేదనే రోమీయులకు 8:1 ఒక్కటే ఒక నెల చదవండి, పాస్టరు గారికీ డాక్టరుకీ ఇద్దరికీ చెప్పండి.

బల్ల ఆదివారం

శనివారం రాత్రి నాలుగు వారాల పేజీలు ఒకసారి తిరగేయండి. అందులోంచి ఒక్క వాక్యం ఎంచుకోండి, ఒక్కటే. ఆదివారం మౌనం మొదలవగానే ఆ వాక్యం చెప్పండి. రెండు నిమిషాలు చాలా ఎక్కువ సమయమని నాకు ఆ రోజే తెలిసింది.

యోగ్యత లేదని బల్లకి దూరంగా వెనక బెంచీలో కూర్చోకండి. ఎవరితోనైనా సరిచేసుకోవాల్సింది మిగిలి ఉంటే వెళ్ళి సరిచేసుకుని రండి, అది వేరు. ఆ 28వ వచనం పరీక్షించుకోమని చెప్పి ఆగదు, "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అంటుంది. "ఇది మీకొరకైన నా శరీరము" అన్నప్పుడు వినండి. చెయ్యి చాచి తీసుకోండి.

ఇంటికొచ్చాక తప్పులు రాసిన పేజీలు చింపేయండి, కృతజ్ఞతలు రాసినవి ఉంచుకోండి. సోమవారం మళ్ళీ మొదటి నుంచి. కొత్త లోపం ఎంచుకోవాలనేం లేదు. నాకు గొంతు పెంచడం ఒక్కటే ఐదు నెలలు పట్టింది. ఈ నెల నుంచి మా అత్తగారి వంతు. ఆవిడకి ఒకే మాట మూడుసార్లు చెప్పాల్సి వచ్చినప్పుడు మూడోసారి నా గొంతు ఎలా ఉందో చూసుకుంటున్నాను. నిన్నటి గడిలో నాలుగు చుక్కలున్నాయి.